నాన్న కూర్చున్న ఎముక

టెక్కలిలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నాకో అలవాటు ఉండేది. పురాణ జంతువులు ఎక్కడి నుంచి పుట్టాయో చదివి, వరుసగా గుర్తుపెట్టుకునేవాణ్ణి. ఒకటి, గ్రీకుల ఒంటికన్ను రాక్షసుడు: ఏనుగు పుర్రెలో తొండం ఉండే చోటి రంధ్రాన్ని చూసి కన్ను అనుకుని ఉంటారని ఒక ఊహ. రెండు, చైనా డ్రాగన్: నేలలో దొరికిన పాతకాలపు ఎముకల్ని దాని ఎముకలనుకుని మందుగా నూరుకున్నారు. మూడు, ఒంటికొమ్ము గుర్రం: చలి సముద్రంలో తిరిగే ఒక తిమింగలం కోరను దాని కొమ్మని అమ్మేవారు.

నాలుగోది మా ఊరిది.

ఉద్దానం తీరంలో మాది చేపల వేటకెళ్లేవాళ్ల పల్లె. ఇసుకదిబ్బ మీద ఒక అమ్మవారు ఉంది. ముఖం లేదు. పీటంత ఎత్తు, రెండు వైపులా రెక్కల్లాంటి బొడిపెలు. అది తిమింగలం వెన్నుపూస. నాన్న కుర్రతనంలో ఒడ్డున దొరికితే మోసుకొచ్చి, వల బాగుచేసుకునేటప్పుడు దాని మీద కూర్చునేవాడు. ఒక తుపానులో పాకలు, పడవలు, కొబ్బరిచెట్లు పోయాయి. అది మాత్రం కదల్లేదు. ఎవరో పసుపు రాశారు. నాన్న వేరే పీట చూసుకున్నాడు. ఇదంతా ఆయనే నాకు చెప్పాడు, నవ్వకుండా.

నాన్న కిడ్నీలు పాడయ్యాయని తెలిసిన రోజు మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. మా వైపు ఈ జబ్బు ఇంటింటా ఉంది; క్రియాటినిన్ అన్న రక్తపరీక్ష మాట బడి మొహం చూడని ముసలమ్మలకూ తెలుసు. డయాలసిస్ ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పని పలాస ఆసుపత్రిలో చెప్పారు. అమ్మ ఒప్పుకోలేదు.

"మిషనెక్కినోల్లు దిగినారేటి? అమ్మోరికి మొక్కీసినాను. పండగెల్లిందాక ఆగండి."

అమ్మవారి పండగకు ఇంకా నెల పైనే ఉంది. నాన్న కాళ్లు ఉబ్బి అప్పటికే చెప్పులు పట్టడం లేదు. నేను అమ్మకు నా వరుస మొత్తం చెప్పాను, ఏనుగు పుర్రె నుంచి నాన్న పీట దాకా. ఆమె చేపల పొలుసు గీకుతూ విన్నది.

"అయితే సేప ఎముకే అంతావు."

"అవునమ్మా."

"మరంత సేపని ఎవలు పుట్టించినారు? నీ కాలేజీయా?"

నాన్న మంచం మీంచి, "అడిగినదానికి సెప్పు, ఇంజినీరు బాబూ" అన్నాడు.

నేను ఆసుపత్రి కాగితాలు మడిచి గూట్లో పెట్టాను.

మర్నాడు పొద్దున నాన్న టీ తాగుతూ, గాలి ఎటు వీస్తోందో చెప్పినట్టు చెప్పాడు. "రాత్రి అమ్మోరు కల్లోకొచ్చినాదే. తడి సీర కట్టుకునుంది. బేగి పలాస ఎల్లరా, మిషన్ కాడ నేనుంతానన్నాది."

అమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. "నిజమేటి?"

"నాకెందుకే అబద్దం."

అమ్మ చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది. నాన్న నా వైపు చూడలేదు.

దారిలో దిబ్బ దగ్గర ఆటో ఆపించాడు. ఒకప్పుడు తను కూర్చున్న దాని మీద పసుపునీళ్లు పోసి, నుదురు ఆనించి మొక్కాడు. వంగినవాడు లేవలేకపోతే నేను పట్టుకుని లేపాను. ఇది కూడా అమ్మ కోసమేనా అని అడగాలనుకున్నాను. ఆయన నుదుటి పసుపు తుడిచి ఆటో ఎక్కించాను.

ఇప్పుడు వారానికి మూడుసార్లు పలాస తీసుకెళ్తున్నాను. పల్లెలో మిషన్ ఎక్కబోయేవాళ్లు ముందు దిబ్బ దగ్గరికి వెళ్తున్నారు. అమ్మవారు తడి చీరతో ఆసుపత్రి వరండాలో నడవడం చూశామనేవాళ్లూ తయారయ్యారు. ఆ కథ ఏ మంచం మీద పుట్టిందో నాకు తెలుసు. తెలిసినందుకు గర్వమూ లేదు, బాధా లేదు.

మొన్న తిరిగి వస్తుంటే మా వీధి ఆమె ఆటో ఎక్కింది. డాక్టర్లు చెప్పినా ఆమె భర్త మిషన్ ఎక్కనంటున్నాడు. నాన్న కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు.

"సదువుకున్నోడివి, నువ్వు సెప్పు నాయినా. మీ నాన్నకి అమ్మోరు అగుపడ్డాదంతన్నారు, నిజమేనేటి? నువ్వు సెప్తే మా ఆయన మాట ఇంతాడు."

నాన్న కళ్లు తెరవలేదు.

"నిజమే పిన్నీ" అన్నాను. "తడి సీరతో వచ్చిందట. బేగి తీసుకెల్లు."