వెలుతురు అడిగిన పక్కింటి అక్క

మీ ఇంట్లో ఆడమనిషి బతికున్నన్నాళ్ళూ ఆమె మొహం పరాయివాళ్ళు చూడకూడదంటారు. పోయిన మర్నాడు పటం కట్టించడానికి అదే మొహం కావాలంటారు. సిగ్గులేని మనుషులు మీరు. మెత్తగా చెప్పే ఓపిక ఈరోజు నాకు లేదు. మా పక్కింటి అక్క పోయింది.

ఇందుకూరుపేటలో మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆమె భర్తకు నెల్లూరు బజారులో ఫోటో స్టూడియో ఉంది. చావు కబురు చెప్పుకున్న ప్రతివాడూ "స్టూడియో భాయి పెళ్ళాం పోయిందంట" అన్నాడు. ఆమె ఫోటోలు తీసేదన్న మాట ఒక్కడి నోటా రాలేదు. వాళ్ళ తల్లుల ఫోటోలు తీసింది ఆమే కదా!

పందొమ్మిది వందల యాభైల చివర్లో ఆమె కెమెరా పట్టింది. ఘోషా ఇళ్ళ ఆడవాళ్ళు, మా హిందువుల వైపు వాళ్ళయినా వాళ్ళ సాయిబుల వైపు వాళ్ళయినా, మగవాడి ముందు కూర్చోరు. అందుకని భాయి తన పాత మడత కెమెరా ఇచ్చి నేర్పాడు. మొదట్లో ఆమెకు అంతా తికమకే, ముఖ్యంగా కెమెరాలోకి వెలుతురు పోయే కన్నం నంబర్లు. "పెద్ద నంబరు పెడితే చిన్న కన్నమంట, చిన్న నంబరు పెడితే పెద్ద కన్నమంట! దీన్ని చేసినోడికి లెక్కలు నేర్పిందెవురు మే?" అని గోడమీద నుంచి నన్ను నిలదీసేది.

అప్పుడు మా అమ్మకు క్షయ. నేను ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చి దగ్గరున్నాను. అమ్మ ఫోటో ఒక్కటీ లేదు. ఇక ఉండదేమోనని నా భయం.

అక్క వచ్చింది. వీధిలో వాళ్ళ కళ్ళు పడతాయని అమ్మ గది కిటికీ ఎప్పుడూ మూసే ఉండేది. ఆ చీకట్లో ఫోటో రావాలంటే కెమెరా కన్నం పూర్తిగా తెరవాలి, షట్టరు నెమ్మదిగా పడాలి, అంతసేపూ మనిషి కదలకూడదు. "ఊపిరి బిగబట్టు పెద్దమ్మా" అంది అక్క. అమ్మ బిగబట్టింది. బిగబట్టగానే దగ్గొచ్చింది.

భాయి నెల్లూరులో కడిగి సాయంత్రం బస్సులో తెచ్చిన ఫోటోలో మొహం ఉండాల్సిన చోట పొగ ఉంది. మళ్ళీ తీసింది. మళ్ళీ పొగే. నేను ఏడ్చాను. అక్క మాత్రం ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మంచం కోళ్ళు చూడు, ఎంత బాగా వచ్చినాయో. అంటే కెమెరా కదల్లేదు. పెద్దమ్మ దగ్గక తప్పదు. దగ్గుకీ దగ్గుకీ మధ్యలో లటుక్కున ఫోటో కొట్టాల. దానికి వెలుతురు కావాల."

తలుపు చాటు నుంచే మా నాయనను అడిగింది. "పెదనాయనా, కిటికీ తెరిపించండి."

"వీధిలో జనం తిరగతా వుంటారమ్మా."

"అయితే మిద్దెమీదికి తీసకపోతా."

"మిద్దెమీదికా? నలుగురూ చూడరా?"

"చూడకుండా నేను చూసుకుంటా. కాదంటారా, ఈ మంచం కోళ్ళకే పటం కట్టించుకోండి."

లోపల్నుంచి అమ్మే అంది, "నన్ను మోసకపోండి మే. ఎండ మొహం చూసి ఎన్నాళ్ళయిందో."

నాయన సరేనన్నాడు. మిద్దెమీద చుట్టూ తాళ్ళు కట్టి, దుప్పట్లూ నాయన పంచెలూ ఆరేశాం. మైపాడు సముద్రం వైపు నుంచి గాలి కొడుతోంది. తెల్లబట్టల్లోంచి వడకట్టినట్టు వెలుతురు వస్తోంది. దూరం సరిగ్గా పెట్టడానికి అక్క ఒక దారం తీసుకుని, ఒక కొస కెమెరా దగ్గర, రెండో కొస అమ్మ ముక్కు దగ్గర పట్టింది.

"ముక్కుతాడు వేస్తావుండావా నాకు?" అంది అమ్మ.

"ఇప్పుడేం కొత్తగా వెయ్యాల్నా పెద్దమ్మా?"

అమ్మ నవ్వింది. నవ్వు వెంట దగ్గు వచ్చింది. దగ్గు తగ్గింది. అక్క కొట్టింది.

ఆ ఫోటోలో అమ్మ కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. కళ్ళలో దగ్గు తెచ్చిన తడి, పెదవి చివర ఇంకా పోని నవ్వు.

"నన్నిక్కడే కాసేపు ఉండనీండి" అంది అమ్మ. పొద్దు వాలేదాకా ఉంది. తర్వాత కిందికి తీసుకుపోయాం, ఆ గదికే. కిటికీ కోసం నేను నాయనతో రోజూ పోట్లాడాను. ఫోటోకు వెలుతురు కావాలంటే ఒప్పుకున్న మనిషి, ఊపిరికి గాలి కావాలంటే ఒప్పుకోలేదు. అమ్మ ఆ గదిలోనే పోయింది.

ఇప్పుడు అక్క. ఎన్నో ఇళ్ళ ఆడవాళ్ళను మిద్దెలెక్కించిన మనిషి. ఆఖరి నెలల్లో ఆయాసం. ఆమె గది కిటికీ నేను తెరిస్తే, నేను గడప దాటకముందే ఎవరో మూశారు. మంచంమీద నుంచే నవ్వింది. "ఈ గదిలో ఎంత పెద్ద కన్నం పెట్టినా నా మొహం పడదు మే" అంది. అదే ఆమె నాతో అన్న చివరి మాట. ఇది మతం సంగతి అని తప్పించుకోకండి. మా గోడకు ఇటూ అదే కిటికీ, అటూ అదే కిటికీ.

నేను అడిగేవి ఇవి.

ఆమె తీసిన ఫోటోల వెనక స్టూడియో ముద్ర పక్కన ఆమె పేరు రాయండి.

మీ ఆడపిల్లల చేతికి కెమెరా ఇవ్వండి. ఫిల్ము పాడుచేస్తే చెయ్యనివ్వండి.

జబ్బుమనిషి గది కిటికీ తెరవండి, ఆ మనిషి ఆడదైనా సరే.

మీ ఇంట్లో బతికున్న ఆడవాళ్ళను ఈ ఆదివారం పట్టపగలు మిద్దె ఎక్కించండి. ఫోటో తీయకపోయినా ఫరవాలేదు. కాసేపు అక్కడ ఉండనివ్వండి.