రొట్టె పెట్టిన రోజులు

తుంటి నొప్పితో మంచమెక్కిన నాకు మా కోడలు నిన్న పాలలో నానేసిన రొట్టె పెట్టింది. ఆ వాసన తగలగానే డెబ్భై ఏళ్ల కిందటి ఈర్ష్య ఒకటి, ఏమాత్రం చెక్కుచెదరకుండా లేచి కూర్చుంది.

మా చోడవరంలో అప్పట్లో రొట్టె జ్వరమొచ్చినవాళ్ళ తిండి. ఒంట్లో బాగున్నవాడు రొట్టె అడగడం బతికుండగా పాడె అడగడంలాంటిది. ఒక ఏడాది చెరకు కోతల కాలంలో, గానుగల దగ్గర ఉడికే బెల్లం వాసన ఊరంతా కమ్ముకుని ఉండగా, కదిలే బండిలోంచి చెరకు గెడ లాగబోయి మా అన్నయ్య చక్రం కింద కాలు పెట్టాడు. గెడ అడిగింది నేను. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చర్మం చీలి ఎముక విరిగింది. చీడికాడ నుంచి కట్లు కట్టే తాత వచ్చి, గుడ్డుసొన పట్టించి వెదురుబద్దలతో బిగించాడు.

"నలభై రోజుల్దాకా ఇప్పకండమ్మా. వాసనొస్తే మందు పన్జేస్తన్నట్టే."

అన్నయ్య మహారాజయ్యాడు. అమ్మ పక్కలో చోటు, విసనకర్ర గాలి, చూడవచ్చినవాళ్ళు తెచ్చిన కమలాపళ్ళు, అన్నిటినీ మించి రొట్టె.

"నాకో ముక్కెట్టమ్మా."

"ఆడికి జొరమొచ్చిందిరా. నీకేటొచ్చింది?"

"ఆకలొచ్చింది."

లాభం లేక, విశాఖపట్నం రేవులో గుమస్తాగా ఉన్న నాన్నకి తేదీ వేసి మరీ కార్డులు రాయసాగాను. 'అన్నయ్యకి ఈ రోజు కూడా రొట్టె. సాయంత్రం వాడు వణికితే అమ్మ నా దుప్పటి వాడికే కప్పింది. వాడి కాలు కంపు కొడుతోంది. అయినా అమ్మ వాడి పక్కనే పడుకుంటోంది. నాకు న్యాయం చేయవలెను.' నాన్న చదివి నవ్వుకుని కోటు జేబులో దాచుకునేవాడట. నెల దాటాక ఇంటికొచ్చి, ఆ కాలు చూసి, నవ్వకుండా పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టరు కట్టు విప్పించి, జ్వరం ఎప్పటినుంచని అడిగాడు.

"నాల్రోజులేనండి బాబూ," అంది అమ్మ. కట్టు విప్పించేస్తారన్న భయంతో అందరికీ చెబుతూ వచ్చిన మాటే అది.

నాన్న కార్డులు తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరు వాటిని వరసగా పేర్చి, నేను ఏడ్చిన రొట్టె రోజులన్నీ కేసు షీటులో జ్వరం రోజులుగా ఎక్కించాడు. ఎక్స్‌రే ఫిల్ము కిటికీకి పట్టి చూశాడు.

"ఈ ముక్క చచ్చిపోయింది. మూడు వారాలుగా లోపల చీము పడుతోంది. ముక్క తీసేస్తే కాలు దక్కొచ్చు. నాలుగు రోజులే అనుకుని ఆగి ఉంటే కాలే తీసెయ్యాల్సొచ్చేది."

అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

కాలు దక్కింది, కాస్త పొట్టిగా. తీసిన ఎముకముక్కని సీసాలో వేసి అన్నయ్యకే ఇచ్చారు. కేసు షీటు మీద పేరూ వాడిదే. నాకు మాత్రం అమ్మ ఒక రొట్టె ముక్క పెట్టింది. తిన్నాను. చప్పగా ఉంది.

ఇప్పుడు ఆ బళ్ళు లేవు, కార్డులు లేవు. రెండేళ్ళుగా అన్నయ్యా లేడు. ఎప్పుడో బాత్‌రూమ్‌లో జారిపడ్డ ఫలితంగా నా తుంటి ఎముక కొంత చచ్చిపోయిందని మొన్న డాక్టరు స్కానింగులో చూపించాడు.

"నొప్పి ఎప్పటినుంచండీ?" అన్నాడు.

చెప్పలేకపోయాను. తేదీ వేసి రాసిపెట్టేంత ఈర్ష్య నా మీద ఎవరికీ లేదు.