రాయచోటి బౌలర్ వాళ్ళమ్మ

జాబ్రియా నుంచి కువైట్ సిటీకి వెళ్ళే బస్సులో, ముందు సీటులోని రాయచోటి ఆమె తన ఫోను నా చేతికిచ్చింది. పెద్ద లీగులో ఆమె కొడుక్కి అదే మొదటి మ్యాచ్. అప్పుడే వాడి చేతికి బంతి ఇచ్చారు.

"నేను చూస్తే వానికి వికెట్ పడదన్నా. నువ్వే చూసి చెప్పు," అని చున్నీతో కళ్ళు కప్పుకుంది.

బ్యాటింగ్ చేస్తున్నది నా అభిమాన జట్టు. ఆ మాట నేను చెప్పలేదు. రెండో బంతికే సిక్సర్ కొట్టారు. ఫోను ఎవరిదో మరిచిపోయి ఈల వేశాను.

"పడిందా అన్నా?"

"పడిందమ్మా," అన్నాను. అబద్ధం నాకెప్పుడూ అంత తేలికే.

ఆమె సంచిలోంచి ఖర్జూరాలు తీసి, సంగతి తెలియని డ్రైవరుతో సహా అందరికీ పంచింది. సిగ్గులేకుండా నేనూ రెండు తిన్నాను. ఆ ఓవరు ఆఖరి బంతికి నిజంగానే స్టంపులు ఎగిరిపోయాయి.

"మళ్ళీ పడిందమ్మా."

"రెండా? చాల్లేన్నా, ఇంక చూడాకు. దిష్టి తగుల్తాది," అని ఫోను లాక్కుంది.

ఆ కుర్రాడిప్పుడు దేశం తరఫున ఆడుతున్నాడు. టీవీలో వాడి వికెట్లు ఎన్ని చూపించినా నేను ఒకటి కలుపుకుంటాను. నా లెక్క తప్పంటూ ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నేను వాదించను.