స్టీరింగ్ నా చేతికిచ్చిన కాక

మా డ్రైవర్ కాక మొన్న సోమవారం పొద్దున దవాఖానలో కన్నుమూశారు. ఫోన్ వచ్చేసరికి నేను ములుగు రోడ్డు మీద బడి బస్సులో పిల్లల్ని ఎక్కించుకుంటున్నాను. అందరినీ బడిలో దింపేదాకా ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

కాక నాకు చుట్టం కాదు. మూడేళ్ల కింద నేను వరంగల్ మార్కెట్‌కు కూరగాయల డీసీఎం వ్యాను నడిపేదాన్ని. ఆయన ఈ బస్సు డ్రైవరు. చూపు తగ్గుతోందని తెలియగానే బడివాళ్ల దగ్గరికి తానే వెళ్లి, ఇక నడపనని చెప్పేశారు. ఇంకో మనిషి దొరికేదాకానైనా నడపమని బతిమాలినా వినలేదు. మనిషి దొరకలేదు. లారీలకు, సరుకుల వ్యాన్లకు పోయినవాళ్లు బడి బస్సుకు రామన్నారు. బస్సు ఆగింది. దూరపు ఊళ్ల ఆడపిల్లలు కొందరు బడి మానేశారు. దానికి కారణం తానేనని కాక కుమిలిపోయారు. రోజూ లారీ అడ్డాలు, మార్కెట్లు తిరిగి డ్రైవర్ కోసం వెతికారు.

ఒకరోజు ఇరుకు సందులో నేను బండి వెనక్కి తీస్తుంటే పక్కనే నిలబడి చూశారు. దిగగానే అడిగారు.

"టమాటలనే ఇంత పైలంగ తెస్తున్నవ్ బిడ్డా. పిల్లల్ని తేరాదు?"

"ఆడమనిషి నడిపితే తల్లిదండ్రులు ఒప్పుకుంటరా కాకా?"

"జర టైం పడ్తది. నేను నీ ఎనక సీట్ల కూసుంట."

మొదటిరోజే ఒక తల్లి, "ఈమె నడుపుతదా?" అంటూ బిడ్డను వెనక్కి లాక్కుంది. కాక మెల్లగా దిగారు. ఇరుగుపొరుగుకు కూడా చెప్పుకోని సంగతి అందరి ముందూ చెప్పారు.

"నాకు కండ్లు సరిగ కనవడ్తలేవమ్మా. గందుకే స్టీరింగ్ ఇడిసిన. ఈ బిడ్డకు మంచిగ కనవడ్తయ్."

ఆమె ఆ రోజు వినలేదు. వారం తర్వాత తానే తెచ్చి ఎక్కించింది.

ఏడాదిపాటు నా వెనకే కూర్చుని వచ్చారు. హారన్ కొడితే కోప్పడేవారు. నేను తొందరపడితే, "పిల్ల ఇంట్లకు పోయినంక గేరెయ్" అనేవారు. బడి మానేసిన ఆడపిల్లల్లో ఒక్కరు తప్ప అందరూ తిరిగొచ్చారు. ఆ ఒక్క పిల్ల సంగతి చివరిదాకా అడుగుతూనే ఉన్నారు.

చూపు పూర్తిగా పోయాక కాశిబుగ్గలో తన ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నేను బస్సు ఆపితే పిల్లలు కిటికీల్లోంచి తమ పేర్లు చెప్పేవారు. ఆయన పోవడానికి వారం ముందు, కొత్తగా చేరిన పసిపిల్ల తన పేరు మరీ మెల్లగా చెప్పింది. కాక లేచారు. బస్సు రేకును తడుముకుంటూ ఆ కిటికీ దాకా వచ్చి తల వంచారు.

"మల్ల చెప్పు బిడ్డా."

ఆ పిల్ల రెండు చేతులూ ఆయన చెవి చుట్టూ పెట్టి మళ్లీ చెప్పింది.