సచ్చేటందుకు సొంతిల్లు

మీ ఇంట్లో కిరాయికి ఉంటున్న మనిషి రేపు పొద్దున చనిపోతే, శవాన్ని ఎక్కడ పడుకోబెట్టాలో మీరు ఇప్పటికే నిర్ణయించుకున్నారా? మొహమాటపడకండి, నిర్ణయించుకునే ఉంటారు. ఈ ఊళ్లో రెండు గదులు కిరాయికిచ్చే ప్రతి మనిషీ ఉద్యోగమేమిటి, పిల్లలెందరు, ఆదివారం ఏం వండుకుంటారు అని పైకి అడుగుతాడు. ఇంట్లో ముసలివాళ్లు కనిపిస్తే నాలుగో ప్రశ్న మనసులో వేసుకుంటాడు.

అశోక్‌నగర్‌లో మేముండే ఫ్లాటుకు పైనున్న మా చిన్న ఫ్లాటు మొన్న ఖాళీ అయితే, అటక మీదినుంచి పాత టు-లెట్ బోర్డు దించాను. చెయ్యంత పొడవున్న రేకు, పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలు, అంచులన్నీ తుప్పు. తడిగుడ్డతో తుడుస్తుంటే తుప్పూ పాత పెయింటూ కలిసిన ఆ వాసన నన్ను పట్టుకుని చిక్కడపల్లి సందులోకి ఈడ్చుకుపోయింది. సరిగ్గా అప్పుడే మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

“మేడం, అగ్రిమెంట్ల ఒక్క లైన్ కలపుండ్రి. ఏదన్న అయితే బాడీని దవాఖాన్ల నుంచి సీదా తీస్కపోవాలె, బిల్డింగ్‌లకు తేవద్దని.”

“ఏదన్న అంటే ఏందన్నా?”

“అదే మేడం. ఏదన్న.”

చావు అనే మాట నోట్లోంచి రాని మనిషి చావుకు చట్టం రాసుకొచ్చాడు. అతనికి కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, మా బాపమ్మ కథ చెప్పాను. మీరూ వినండి.

బాపమ్మ అంటే మా నాన్న తల్లి, జనగామ దగ్గర పల్లెనుంచి కొడుకు వెంట పట్నం వచ్చిన మనిషి. నాన్న నారాయణగూడలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. మేముండేది చిక్కడపల్లిలో, మెయిన్ రోడ్డు మీది సినిమా హాళ్ల రద్దీ వినిపించీ వినిపించనంత లోపలికి ఉన్న సందులో, విశ్వనాథంగారి ఇంటి వెనక పోర్షన్‌లో. ఆయన కృష్ణా జిల్లానుంచి ఉద్యోగం మీద వచ్చి, రోడ్లు వేయించీ వంతెనలు కట్టించీ రిటైరైన ఇంజనీరు. ముందు భాగం తూర్పు వాకిలితో వాళ్లది. పక్క సందులోకి తెరుచుకునే పడమటి తలుపుతో వెనక భాగం మాది. మధ్యలో ఒక జామచెట్టు. దాని నీడ మాకు, కాయలు వాళ్లకు.

రెండు పోర్షన్ల మధ్య గోడ ఉండేది గానీ, వాసనలకు గోడ లేదు. బతుకమ్మ రోజుల్లో మా అమ్మ వేయించే నువ్వుల ఘుమఘుమ వాళ్ల పూజగదిలోకి పోయేది, శ్రావణ శుక్రవారం వాళ్ల గారెల వాసన మా పుస్తకాల మీదికి వచ్చి కూర్చునేది. ఎండాకాలం మామిడికాయ తొక్కు పెట్టేటప్పుడు వాళ్లది ఆవకాయ, మాది అల్లం వెల్లుల్లి తొక్కు, రెండు జాడీలూ ఒకే మేడమీద పక్కపక్కనే ఎండలో కూర్చుని ముచ్చట్లు చెప్పుకునేవి. ఆదివారం మాత్రం మా ఇంట్లో మటన్ కుతకుతమనగానే విశ్వనాథంగారి శాసనం ప్రకారం జామచెట్టు వైపు కిటికీ మూసెయ్యాలి. ఇంకా శాసనాలున్నాయి: గోడకు మేకు కొట్టరాదు, మోటారు పొద్దున ఒక్కసారే వెయ్యాలి, రాత్రి గేటు మూశాక వచ్చిన బంధువు ఏ ఊరివాడైనా అరుగు మీదే తెల్లవార్చాలి. మేకు లేదు కనుక మా తాతగారి ఫోటో ఎన్నేళ్లయినా బియ్యం డబ్బాకు ఆనుకుని నిలబడే ఉండేది. బియ్యం తీసినప్పుడల్లా బాపమ్మ ఆయనకు దండం పెట్టి పక్కకు జరిపేది.

పిల్లలం జామచెట్టు కింద సుద్దముక్కతో గళ్లు గీసి ఓనరాట ఆడుకునేవాళ్లం. అందరికీ ఓనరు వేషమే కావాలి. కిరాయికుండేందుకు ఎవరూ ఒప్పుకోక ఆట మొదలుకాకుండానే ఆగిపోయేది. దేశంలో ఇళ్ల సమస్య గురించి తరవాత నేను చదివినవేవీ నాకు ఇంతకంటే ఎక్కువ చెప్పలేదు.

ఇక ఈ టు-లెట్ బోర్డు. ఇది విశ్వనాథంగారిది. ఇల్లు నిండినప్పుడు అందరూ బోర్డు తీసి దాచుకుంటారు. ఆయన దాన్ని గేటుకే ఉంచి, అక్షరాలు లోపలివైపుకు, అంటే మావైపుకు తిప్పేవాడు. స్కూలుకు పోతూ వస్తూ అది చదువుకునే నేను అక్షరాలు నేర్చుకున్నాను.

ఒక శ్రావణంలో ఎదురింట్లో కిరాయికున్న టైలరు తల్లి చనిపోయింది. దవాఖానానుంచి ఆటోలో తెచ్చేసరికి ఆ ఇంటి ఓనరు గేటుకు అడ్డంగా నిలబడి, చేతులు జోడించి, ఎంతో మర్యాదగా, లోపలికి తేవద్దన్నాడు. ఆ ముసలమ్మను సందులోనే, కరెంటు స్తంభానికీ ఎదుటి గోడకూ టార్పాలిన్ కట్టి, దాని కింద పడుకోబెట్టారు. వాన పడింది. టార్పాలిన్ మధ్యలో నీళ్లు నిండి పొట్టలా కిందికి దిగితే టైలరు కర్రతో పైకి పొడుస్తూ, నీళ్లు పక్కకు పారబోస్తూ, మధ్యమధ్యలో ఏడుస్తూ కూర్చున్నాడు. ఏడవడానికి కూడా అతనికి తీరిక చిక్కలేదు. విశ్వనాథంగారు మా గేటు దగ్గర నిలబడి “పాపం, పాపం” అన్నాడు గానీ, ఆ పాపం ఎవరిదో చెప్పలేదు.

బాపమ్మ అదంతా చూసి వచ్చి, కాళ్లు కడుక్కుని, నాన్న ముందు కూర్చుంది.

“బతికేటందుకు కిరాయిల్లు సాలు కొడుకా. సచ్చేటందుకు సొంతిల్లు గావాలె.”

నాన్న తార్కికుడు. ఆదివారం సాయంత్రాలు లైబ్రరీ దగ్గరి చర్చావేదికలో ఇతరుల మూఢత్వాన్ని ఎండగట్టి వచ్చి, ఉతికిన చొక్కా తొడుక్కున్నంత తృప్తిగా నిద్రపోయేవాడు. సొంతిల్లు అనేది మనిషి తనను తాను కట్టేసుకునే కట్టుకొయ్య అని ఆయన సిద్ధాంతం. ఓనరు ఇంటికి కావలి కాస్తాడు, కిరాయిదారు ఇంట్లో కాపురం చేస్తాడు; పైకప్పు కారితే ఓనరు నిచ్చెనెక్కుతాడు, కిరాయిదారు కింద నిలబడి ఎక్కడ కారుతోందో వేలితో చూపిస్తాడు. ఈ వాదానికి వేదిక మీద ఎవరూ జవాబు చెప్పలేకపోయారట. ఇంట్లో చెప్పారు.

“అమ్మా, సచ్చినంక నీకు ఎండేంది, వానేంది?”

“నాకేం గాదురా. కట్టె పట్టుకొని నీళ్లు పారబోసేటోడివి నువ్వు. ఏడ్సుకుంట పారబోస్తవా, పారబోసినంక ఏడుస్తవా? గది జెప్పు.”

ఆ రాత్రి నాన్న అన్నం సగమే తిన్నాడు. సొంతిల్లు మాత్రం ఆయన జీతానికి అందేది కాదు. కనుక బాపమ్మ ఇంకో మార్గం పట్టింది: చావకుండా ఉండటం.

ఆ పనిలో ఆమెకు విశ్వనాథంగారిని మించిన సహాయకుడు లేడు. బాపమ్మ దగ్గితే చాలు, మా అమ్మకంటే ముందు ఆయన వచ్చేవాడు. చలికాలం మిరియాల పాలు, వానాకాలం శొంఠి కషాయం, ఎండాకాలం సబ్జాగింజల నీళ్లు ఆయన ఇంటినుంచే. పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి “పెద్దమ్మగారూ, లేచారా?” అని పిలిచేవాడు. బాపమ్మ మేలుకునే ఉండి, దుప్పటి కింద నవ్వుకుంటూ, జవాబు చెప్పకుండా కాసేపు ఊరుకునేది. బయట ఆయన గొంతు సన్నబడేది. “పెద్దమ్మగారూ?” మూడో పిలుపుకు ఆయన కిటికీ ఊచల మధ్యనుంచి లోపలికి తొంగిచూసేవాడు. అప్పుడు లేచేది.

గారెల వాసన వచ్చిన రోజుల్లో ఆమెకు తప్పకుండా దగ్గొచ్చేది.

“దగ్గు వినిపించిందండీ. ఛాతీలో బరువుగా ఏమన్నా ఉందా?”

“ఏం లేదు సారూ. జర గొంతెండింది. గారె ముక్క నోట్లేసుకుంటె తగ్గుతదేమో.”

ప్లేటు వచ్చేది. చిక్కడపల్లిలో అంత జాగ్రత్తగా పెంచబడిన ముసలామె ఇంకొకరు లేరు. ప్రేమతో జరగని సేవ భయంతో జరిగింది. ప్రేమకంటే భయానికే టైంటేబులు పక్కాగా ఉంటుంది.

ఇట్లా ఆమెను బతికిస్తూ బతికిస్తూ, ఒక మాఘమాసం ఉదయం, మోటారు ఎవరు వేసి వదిలేశారని అరుస్తూ కుర్చీలోంచి లేవబోయి, విశ్వనాథంగారే పోయారు.

ఆయన తన హాల్లో, తన కప్పు కింద, చక్కగా పడుకున్నారు. అందరూ ఏడ్చారు, బాపమ్మ అందరికంటే ఎక్కువ ఏడ్చింది. కానీ పురోహితుడు పంచాంగం తెరిచి తలపంకించాడు. ధనిష్ఠా పంచకం. ఆ నక్షత్రాల్లో పోతే ఇంటికి అరిష్టమట, శవం లేవగానే తాళం వేసి ఆరునెలలు ఇంట్లో ఎవరూ ఉండరాదట. జీవితమంతా ఆ ఇంటికి కావలి కాసిన మనిషి, పోతూ పోతూ భార్యనూ కొడుకునూ ఇంట్లోంచి ఖాళీ చేయించాడు. మాకు ఇస్తానన్న నెల నోటీసు కూడా వాళ్లకివ్వలేదు.

నాన్న తన స్కూటరు మీద వాళ్లబ్బాయిని ఎక్కించుకుని కిరాయిల్లు వెతకడానికి బయల్దేరాడు. హిమాయత్‌నగర్‌లో ఓనరు “మైలలో ఉన్నారు గదండీ” అని తలుపు సగం మూశాడు. రాంనగర్‌లో “ఆ నక్షత్రం మీ ఎంబడి మా ఇంట్లకొస్తె?” అని పూర్తిగా మూశాడు. నాన్న అక్కడే మెట్ల మీద నిలబడి, నక్షత్రానికి రాంనగర్ అడ్రసు ఎవరిచ్చారో చెప్పమని వాదం మొదలుపెట్టాడట. కాచిగూడలో ఒక లాడ్జివాడు ఇస్తానన్నాడు గానీ, తీరా విశ్వనాథంగారి భార్య కామేశ్వరమ్మగారిని తీసుకెళ్తే, తెల్లచీర చూసి ఆమెను వెనక మెట్లమీదినుంచి రమ్మన్నాడు. ఈ విషయంలో మన వాళ్లకు ప్రాంతభేదం లేదు. ఆంధ్రా ఓనర్లూ తెలంగాణ ఓనర్లూ ఒక్కటే మతం. ఆ అబ్బాయి ఇంటికొచ్చి అరుగుమీద కూలబడి, “నాన్నగారు కూడా ఇలాగే అడిగేవారు” అని మాత్రం అన్నాడు.

అప్పుడు బాపమ్మ పురోహితుణ్ని పిలిచి అడిగింది: “అయ్యా, మా తలుపు పడమరకున్నది. మాది ఏరే ఇల్లా, గా ఇల్లేనా?”

ఆయన గోడ చూశాడు, తలుపు చూశాడు, కామేశ్వరమ్మగారి మొహం చూశాడు. ద్వారం వేరైతే ఇల్లు వేరే అన్నాడు.

“అంటే అరిష్టం కాంపౌండు గోడ దుంకదా పంతులుగారూ?” అని నాన్న మొదలుపెట్టబోతే, “నువ్వు నోరు మూస్కోర బిడ్డా, గెలిసినంక వాదించొద్దు” అంది బాపమ్మ.

కామేశ్వరమ్మగారు తన ట్రంకుపెట్టెతో, కొడుకుతో, తన ఇంటి వెనక భాగంలోకి మా కిరాయిదారుగా దిగింది. గుమ్మంలోనే బాపమ్మ ఆమెను ఆపి, శాసనాలు చదివింది.

“సూడమ్మా. గోడలకు మేకులు గొట్టొద్దు. మోటరు పొద్దుగాల ఒక్కపారే. చుట్టాలొస్తె అరుగు మీద పండాలె. ఇగ ఆయితారం నాడు కిటికి మూసేటోళ్లం. గిప్పుడు నువ్వే లోపలున్నవు గద, తెరుస్తం.”

ఆమె తలవంచుకుని వింది. మేకుల దగ్గర పెదవి కదిలింది. కిటికీ దగ్గరకొచ్చేసరికి, భర్త పోయాక మొదటిసారి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు వెంటనే ఏడుపైంది. బాపమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఆ ఆర్నెల్లూ మా ఇంట్లో ఆదివారం రెండు పొయ్యిలు మండేవి. ఒకదాని మీద మటన్, ఒకదాని మీద పప్పుచారు. ఏ కప్పూ కూలలేదు. తాతగారి ఫోటోకు మేకు మాత్రం ఆ రోజుల్లోనే పడింది. కొట్టించింది కామేశ్వరమ్మగారే.

ఆర్నెల్లు నిండి ఆమె తన ఇంట్లోకి తిరిగి వెళ్లే రోజు బాపమ్మ అడిగింది: “నేను పోతె నన్ను సందుల పండవెడ్తవా?”

“ముందు పోండి, తర్వాత చూద్దాం” అంది కామేశ్వరమ్మగారు.

బాపమ్మ తొందరపడలేదు. ఇంకా చాలా ఏళ్లు గారెలు తింది, భయంతో కాదు, స్నేహంతో వచ్చినవి. చివరికి మళ్లీ ఒక వానాకాలంలో, మధ్యాహ్నం నిద్రలో వెళ్లిపోయింది. నాన్న బయట వాన చూస్తూ గుమ్మంలో నిలబడిపోయాడు. ఆయన చూపు ఎదురింటి కరెంటు స్తంభం మీద ఉంది.

తూర్పు వాకిలి రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. కామేశ్వరమ్మగారు హాల్లో సోఫాలు జరిపిస్తోంది. పంచాంగం ఎక్కడుందని ఆమె మరిది అడిగితే, అటక మీద ఉందనీ, నిచ్చెన విరిగిందనీ చెప్పింది. కిరాయివాళ్ల శవం ఇంట్లోకి తెస్తే అరిష్టమని అతను గొణిగితే, వాన చప్పుడును మించి వినబడేలా అంది:

“ఆవిడింట్లో నేను ఆర్నెల్లున్నాను. నా ఇంట్లో ఆవిడ ఒక్క పూట ఉండకూడదా?”

విశ్వనాథంగారు పడుకున్న చోటే మా బాపమ్మ పడుకుంది. నాన్న కర్ర పట్టలేదు. కూర్చుని, తీరిగ్గా, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ఇప్పుడా ఇల్లు లేదు. జామచెట్టు చోట ఐదంతస్తులు లేచాయి. కింద సెల్లారులో స్కూటర్లు, పైన పోటీ పరీక్షలకు చదివే పిల్లల హాస్టలు. మేడ మీద జాడీలు లేవు, శ్రావణ శుక్రవారం లిఫ్టులో రూమ్‌ఫ్రెషనర్ వాసన. పోవలసినవి పోలేదు. నాలుగో ప్రశ్న పోలేదు, ఇంకొంచెం నాగరికమై అగ్రిమెంటులోకి ఎక్కింది. ఇల్లు పడగొట్టే రోజు కామేశ్వరమ్మగారు నాకిచ్చింది ఈ రేకు ఒక్కటే. సెక్రటరీ కథంతా విని, చాయ్ తాగి, “గదంత నిజమే మేడం, గని లైన్ మాత్రం కలపుండ్రి” అన్నాడు. నేను కలపలేదు. బోర్డు వెనకవైపు ఖాళీగా ఉంటే పెయింటు తెచ్చి నా చేత్తో ఒక లైను రాసి, అది కనబడేలా బాల్కనీకి తగిలించాను. మూడో రోజుకే వాళ్లమ్మను వెంటబెట్టుకుని ఒక నర్సు వచ్చింది. ఆ ముసలామె లోపలికి రాకముందే బోర్డును రెండుసార్లు చదివించుకుంది.

మీ గేటుకూ ఒక బోర్డు ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దాన్ని దించండి, తిప్పండి, పెద్ద అక్షరాలతో ఇదే రాయండి: “ఈ ఇంట్లో బతకవచ్చు, చావవచ్చు.” రాసి, మీ కిరాయిదారు తలుపు తట్టి చూపించండి.