తాతారావు విస్తట్లోకి మార్పుచేప

కొల్లేటికోట వీరదుర్గ నోటికి ఏలూరు చేపల బజారంతా దడుస్తుంది. బేరమాడ్డానికొచ్చినవాళ్ల చేత కొనిపించి, పైగా నవ్వించి మరీ పంపే మనిషి. చెరువులో పెంచిన క్యాట్‌ఫిష్‌ని పట్టుకుని కొల్లేట్లో పుట్టిపెరిగిన నాటు మార్పుచేపేనని ఒట్టేసి అమ్మిన రోజులూ లేకపోలేదు. రెండింటికీ మీసాలున్నాయి, కొనేవాళ్లకి తొందరుంది, ఇంక తేడా ఎవరు చూడొచ్చారు!

అలాంటి మనిషికి, మొగుడు తాతారావు సంవత్సరీకం దగ్గరపడేసరికి బెంగ పట్టుకుంది. పోయినవాళ్లకి ఇష్టమైంది వండి విస్తట్లో పెట్టడం వాళ్ల ఆనవాయితీ. తాతారావుకి మార్పు పులుసంటే ప్రాణం. మంచాన పడ్డాక నోరు తెరిచి అడిగాడు కూడా. దొరక్క పెట్టలేకపోయింది. ఆ బాధ గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఇప్పుడైనా పెడదామని బజారంతా గాలిస్తే ఒక్కటీ కంటబడలేదు.

తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదువుతున్న మనవరాలు అఖిల ఫోన్‌లో ఏదో తెరిచింది. లోకంలో అంతరించిపోయిన జీవాలూ, అంతరించేలా ఉన్న జీవాలూ అన్నిటి వివరాలూ అందులో ఉంటాయట. పేరు కొట్టగానే మార్పుచేప బొమ్మ వచ్చింది. అది చూసి వీరదుర్గ మొహం పాలిపోయింది.

“అయితే ఇదీ పోయిందన్నమాట,” అంది.

“పోలేదమ్మమ్మా. ప్రమాదంలో ఉందని రాశారు. రానురాను తగ్గిపోతున్నాయంట.”

“అంటే ఎక్కడో ఉన్నట్టే కదే.”

ఆ ఒక్క మాట పట్టుకుని కనబడ్డ రైతునల్లా అడిగింది. చివరికి సంవత్సరీకం నాటి పొద్దున్నే పెదపాడు సత్తిరాజు గారు తన చేను పక్క నీళ్ల బోదెలో దొరికిందని, బిందెలో నీళ్లు పోసి, ప్రాణంతో ఉన్న మార్పుని తెచ్చిచ్చారు.

“మీ ఆయన అదృష్టవంతుడండీ,” అన్నారాయన.

వీరదుర్గ సంబరం అంతా ఇంతా కాదు. చింతపండు నానేసి, కత్తిపీట ముందేసుకుని, చేపని చేతిలోకి తీసుకుంది. పొట్ట నిండుగా తగిలింది. గుడ్లతో ఉంది. గుడ్ల చేపని కొయ్యడానికి ఆ చెయ్యి ఇన్నేళ్లలో ఎన్నడూ ఆగి ఎరగదు. ఇవాళ ఆగింది.

“తగ్గిపోతున్నాయనే కదే రాశారు?”

“అవునమ్మమ్మా.”

చేపని మళ్లీ బిందెలో వేసి, బిందె చంకనెత్తుకెళ్లి కాలవలో వదిలేసింది. వదిలాక గట్టు మీదే కూలబడి ఏడ్చింది. ఏడాదిపాటు మోసిన కోరికని తన చేత్తోనే నీళ్లలో కలుపుకుంది మరి, ఏడవదా! సంవత్సరీకానికొచ్చిన చుట్టాలేమో ఇదేం చోద్యమని బుగ్గలు నొక్కుకున్నారు.

మధ్యాహ్నం విస్తట్లో అన్నం పెట్టి, క్యాట్‌ఫిష్ పులుసు వడ్డించి, మొగుడి ఫోటో ఎదురుగా కూర్చుంది.

“ఇది మార్పు కాదండీ, చెరువుదే. ఈ ఏటికి సరిపెట్టుకోండి. ఉన్న ఆ ఒక్కదాన్నీ కోసేస్తే, వచ్చే ఏడు మీకేం పెట్టను?”