ఒక్క పిల్ల ఉన్న చరిత్ర క్లాసు

మా కాలేజీలో చరిత్ర చెప్పిన మేడం ఇక లేరు. నిజామాబాద్ దవాఖాన నుంచి ఆమె కొడుకు ఫోన్ చేసేసరికి నేను పరీక్ష హాలు బయట వరండాలో ఉన్నాను. "సార్, అమ్మ పోయింది" అన్నాడు. లోపలికి వెళ్లి అడిగిన పిల్లలకు అడిషనల్ షీట్లు ఇచ్చాను. కన్నీళ్లు రాలేదు. ఈ మధ్య దేనికీ రావడం లేదు. పరీక్ష అయ్యేదాకా గోడకు ఆనుకునే నిలబడ్డాను.

బాన్సువాడలో మాది చిన్న ఆర్ట్స్ కాలేజీ. మూతపడ్డ రైసుమిల్లు ఒకటి కిరాయికి తీసుకుని మొదలుపెట్టారట. తౌడు వాసన పోని గదుల్లోనే తొలి క్లాసులు జరిగాయట. తర్వాత బీర్కూర్ రోడ్డు పక్కన రాళ్ల చెల్కలో రేకుల షెడ్లు, ఆ తర్వాత ఇప్పుడున్న మేడ. నేను తెలుగు చెప్పడానికి చేరేనాటికే మేడం అక్కడ పాతకాపు.

ఆమె ఏటా బీఏ మొదటి క్లాసును గదిలో చెప్పేవారు కాదు. పిల్లల్ని వెంటేసుకుని ఆవరణంతా తిప్పేవారు. ప్రహరీ దగ్గర ఆగి, "గీ రాళ్లు ఎవలు మోసిన్రో ఎరికేనా?" అని అడిగేవారు. మోసింది తొలి బ్యాచ్ పిల్లలే. షెడ్డు ముందున్న కానుగ చెట్లు కూడా వర్ని నుంచి వచ్చే ఆడపిల్లలు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన మొక్కలు. "మీరు కూసున్న జాగకే చరిత్ర ఉన్నది. ముందుగాల అది తెల్సుకుందాం. ఢిల్లీ సుల్తానులు ఏడికీ పోరు" అని నవ్వేవారు.

సుల్తానులు ఎక్కడికీ పోలేదు, మా గ్రూపును వదిలి పోయింది పిల్లలే. అందరూ కంప్యూటర్ కోర్సులకు మళ్లారు. వేసవిలో మేము ఊరూరా తిరిగి అడిగినా ఒక ఏడు చరిత్ర గ్రూపులో ఒక్క అమ్మాయే చేరింది, పెద్ద కొడప్‌గల్ వైపు తండా నుంచి.

"ఒక్క పిల్లకు గది ఎందుకు మేడం? వేరే గ్రూపుల ఎయ్యున్రి" అన్నారు మా సెక్రటరీ.

"ఆ పిల్ల చరిత్ర కావాలన్నది సార్. గది లేకుంటే వరండాల చెప్త."

అన్నట్టే చేశారు. గది కంప్యూటర్లకు పోయింది. పాత షెడ్డు వరండాలో ఒక బెంచీ, ఒక బోర్డు. నిండు హాలుకు చెప్పినట్టే నిలబడి చెప్పేవారు. "అందరు వచ్చిన్రా?" అంటే, ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చూసి, "వచ్చిన్రు మేడం" అనేది. ఇద్దరూ నవ్వుకునేవారు.

నాట్లు మొదలయ్యాక అమ్మాయి రావడం మానేసింది. మేడం నా స్కూటర్ వెనక కూర్చుని తండాకు బయల్దేరారు. అప్పటికే ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. పొలం గట్టు మీద పట్టుతప్పకుండా నా భుజం పట్టుకుని నడిచారు.

"ఒక్క పిల్ల కోసం గింత దూరమొచ్చిన్రా మేడం?" అన్నాడు తండ్రి, మడిలోంచే.

"ఒక్కతే ఉన్నది కాబట్టే వచ్చిన అన్నా. ఆమె రాకుంటే నాకు క్లాసే లేదు."

"నాట్లకు మనుషులు దొర్కుతలేరు. నన్నేం జెయ్యమంటరు?"

"పొద్దుగాల నాట్లకే పోనియ్యి. పగటీలి బస్సుకు పంపు. అప్పటిదాంక నేను ఉంట."

ఆయన గట్టెక్కి కాళ్ల బురద కడుక్కున్నాడు. మాకు తాగడానికి నీళ్లు తెమ్మని కూతుర్ని కేకేసి, "సరే మేడం, పంపిస్త" అన్నాడు.

తిరిగొచ్చాక మేడం స్కూటర్ దిగలేకపోయారు. "కాళ్లు గుంజుతున్నయి తమ్మీ, జర ఆగు" అన్నారు. నాకు ఉండబట్టలేదు. "ఎందుకు మేడం ఇదంతా? విసుగు రాదా?"

"అలసట వస్తది. విసుగు రాదు. రెండూ ఒకటి కావు తమ్మీ."

నాకు ఆ తేడా ఇప్పటికీ పూర్తిగా చిక్కలేదు. చాలా రోజులు రెండూ కలిసే వస్తాయి.

ఆ నాట్లకాలమంతా అమ్మాయి మధ్యాహ్నం బస్సు దిగి, చీలమండల మీద ఎండిన బురదతోనే వచ్చి కూర్చునేది. మేడం పొద్దుటి నుంచీ వరండాలో ఎదురుచూస్తూ ఉండేవారు. అలాగే మూడేళ్లూ గడిచాయి. ఆ అమ్మాయి డిగ్రీ పాసై, బీఈడీ చేసి, ఇప్పుడు ఒక గురుకులంలో సోషల్ టీచరుగా ఉంది. ఆమె తర్వాత ఎవరూ చేరలేదు. చరిత్ర గ్రూపు తీసేశారు. ఆ ఏడే మేడం రిటైరయ్యారు.

తర్వాత కిడ్నీలు చెడిపోయి డయాలసిస్‌కు తిరిగారు. చూడ్డానికి వెళ్లినప్పుడల్లా, "ఈసారన్నా మన గ్రూపు పెట్టిన్రా?" అని అడిగేవారు. "లేదు మేడం" అనేవాణ్ని. "సరే. చాయ్ తాగు" అనేవారు. ఆ మాటలో కోపం ఉండేది కాదు. నేను మాత్రం సగం చాయ్ గ్లాసులోనే వదిలేసి లేచేవాణ్ని.

మేడంను సాగనంపడానికి సమాధుల తోటకు ఎక్కువమంది రాలేదు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక గుప్పెడు గుప్పెడు మన్ను వేశాం. ఆ అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది, వెంట తండ్రి కూడా. ఆయన మన్ను వేసి చేతులు దులుపుకోకుండా అలాగే నిలబడ్డాడు. "నాకు చదువు రాదు సార్. ఆమెకు కాదని చెప్పుడు కూడ రాలె" అన్నాడు.

సాయంత్రం వాళ్లను బస్టాండుకు తీసుకెళ్లి పెద్ద కొడప్‌గల్ బస్సు ఎక్కించాను. కిటికీ పక్కన కూర్చున్న ఆయన, బస్సు కదలకముందే కూతురి భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. నేను చెయ్యి ఊపాను. ఆమె తిరిగి చెయ్యి ఊపలేదు. భుజం కదిలితే తండ్రికి మెలకువ వస్తుందని, అలాగే నిటారుగా కూర్చుని కళ్లతోనే వెళ్లొస్తానంది.